కుక్కని మార్చాలా, దారి మార్చాలా? తోటి కుక్కలతో పడని కుక్క ఉన్న ఇంటికి

మా వీధిలో పొద్దున్న నాలుగున్నరకి లేచేది ఇద్దరమే: పాలు పోసే ఆయన, నేను. ఆయనకది బతుకుతెరువు, నాకు మా కుక్క నల్లోడు. ఐదు దాటిందంటే బజారు వైపు నుంచి నాలుగు కుక్కలు వచ్చి మా సందు మొదట్లో కూర్చుంటాయి. ఇక వాడిని గేటు దాటించడం అంటే దండయాత్రే. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో ఈ కుక్కతో నాకిది ఏడో ఏడు. మనుషులంటే ప్రాణం పెడతాడు, ట్యూషనుకొచ్చే పిల్లలు చెవులు లాగినా ఊరుకుంటాడు. సాటి కుక్క కనిపిస్తే మాత్రం మెడ నుంచి తోక దాకా వెంట్రుకలు లేచి నిలబడతాయి.

ఈ ఏడేళ్లలో ఉచితంగా దొరికిన సలహాలు రాస్తే వంద పేజీల నోటుబుక్కు నిండుతుంది. "ఆపరేషన్ చేయించీయండి మేస్టారూ, చల్లబడిపోతాడు." "ఇంకో కుక్కని తెండి, అలవాటు పడతాడు." "గొలుసేసి కట్టీయండి." "ఏటి మేస్టారూ ఈ అవస్థ, మహేంద్రతనయ ఏరు దాటించి పాతపట్నం వైపు వదిలీయండి. రాష్ట్రం మారితే తిరిగి రాదు." కుక్కకి ఒడిశా, ఆంధ్ర తేడా తెలుస్తుందని ఆయన నమ్మకం. వీటిలో కొన్ని చేశాను, ఒకటి రెండు చేసి చేతులు కాల్చుకున్నాను. గుణుపురంలో మా అక్క ఇంట్లోది ఇంకో రకం తంటా: ఒకే కప్పు కింద రెండు ఆడకుక్కలు, రెండింటికీ పడదు. ఆవిడకి పనికొచ్చింది నాకు పనికిరాలేదు, నాకు పనికొచ్చింది ఆవిడకి అక్కర్లేదు. కాబట్టి ఏది గొప్పదని కాకుండా ఎవరికి ఏది అని రాస్తున్నాను.

గొడవ ఏ రకమో ముందు తేలాలి

మొదటి ప్రశ్న: చిన్నప్పటి నుంచీ ఉన్న గుణమా, ఉన్నట్టుండి వచ్చిందా? నిన్నటిదాకా పక్కింటి కుక్కతో ఆడుకున్నది ఇవాళ మీద పడుతోందంటే ట్రైనింగుల జోలికి వెళ్లకండి, పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. చెవిలో చీము, పన్ను పుచ్చడం, నడుం నొప్పి, ముసలితనంలో చూపు తగ్గడం, ఇవన్నీ పైకి కోపంలాగే కనిపిస్తాయి. గుణం మారడంతోపాటు నోటి వెంట చొంగ, దవడ వేలాడటం, మింగలేకపోవడం, గొంతు మారడం కనిపిస్తే చెయ్యి కూడా పెట్టొద్దు, నోట్లో ఏదో ఇరుక్కుందని వేళ్లు పెట్టి వెతకొద్దు. అది రేబిస్ కావచ్చు.

నొప్పి కాదని తేలాక మిగిలేవి చాలావరకు మూడు: భయం, జత కోసం పోటీ, తన చోటుని, తన తిండిని, తన మనిషిని కాపాడుకోవడం. మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, అదే చిక్కు.

నల్లోడిది భయం. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇరవై నాలుగు కిలోలు, పలకల్లాంటి పళ్లు, వాడికి భయమేమిటి అనుకున్నాను. "మొరిగే కుక్క కరవదు" అని పిల్లలకి చెప్పిన పాపానికి వాడు మొరిగి, ఆ తర్వాత కరిచి చూపించాడు. తప్పు నాదే. ముప్పై అయిదు రోజుల పిల్లగా తెచ్చాం. ఎనిమిది వారాలు తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఉంటే ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో ఆటలో తెలుస్తుంది. ఆ పాఠం వాడికి దక్కలేదు. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల దేన్ని చూస్తే అది లోకంలో మామూలు విషయమని నమ్ముతుంది. ఆ రోజులన్నీ టీకాలు పూర్తవ్వలేదని మేం వాడిని మేడ మీదే ఉంచాం. చేతుల్లో ఎత్తుకునైనా వీధి చూపించాల్సింది. వాడి లోకంలో మా ఇంట్లో నలుగురు మనుషులు, కాకులు, ఒక నీళ్ల ట్యాంకు. కుక్కలు లేవు.

భయం ఎలా తెలుస్తుందంటే, మొరగడానికి ముందు చూడండి. మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, తల పక్కకి తిప్పుకోవడం, ఒళ్లు కర్రలా బిగుసుకోవడం. ఎదుటి కుక్క వెళ్లిపోగానే ఒళ్లంతా విదిలించుకుంటే, అమ్మయ్య గండం గడిచింది అనుకుంటోందన్న మాట.

జత కోసం పోటీ అయితే పెద్ద పరిశోధన అక్కర్లేదు, పంచాంగం చాలు. చిత్త కార్తె కుక్కలని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. వానలు తగ్గి చలి ముదిరేలోపు మన వైపు వీధి కుక్కలకి జత కట్టే కాలం, అక్టోబరులో వచ్చే చిత్త కార్తె దాని నడిమధ్య పడుతుంది. ఆ రెండు మూడు నెలలే మీ మగకుక్క గోడలు దూకి, గాయాలతో తిరిగొస్తూ, మిగతా ఏడాది బాగుంటే సంగతి తెలిసినట్టే.

ఆపరేషన్: ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చేయదు

అందరూ ముందు చెప్పేది పిల్లలు పుట్టకుండా చేసే ఈ ఆపరేషనే కాబట్టి ఇదే ముందు.

నల్లోడికి మూడో ఏట చేయించాను. మందులతో కలిపి 5,500 అయింది. గోడ దూకడం ఆగిపోయింది. నా స్కూటరు చక్రాల మీద, పక్కింటి వాళ్ల తులసికోట మీద కాలెత్తడం బాగా తగ్గింది, రెండోది తగ్గినందుకు మా ఆవిడ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. సాటి కుక్కని చూసి రెచ్చిపోవడం? అణువంత కూడా మారలేదు. మగకుక్కకి ఆపరేషన్ తగ్గించేది ఆడకుక్క కోసం తిరగడాన్ని, హద్దులు గుర్తు పెట్టడాన్ని, ఆ పోటీలో వచ్చే కొట్లాటల్ని. భయాన్ని తీయదు. కొన్ని పిరికి కుక్కలు ఆ తర్వాత ఇంకాస్త బెదురుతాయి కూడా. కాబట్టి మీది చిత్త కార్తె రకం అయితే కళ్లు మూసుకుని చేయించండి. నల్లోడి రకం అయితే వేరే కారణాలకి చేయించండి, గొడవ తగ్గుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. చేయించిన మర్నాటికే మారిపోదు, ఒంట్లో హార్మోను తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లో ఆడకుక్క దగ్గరికి పోనిస్తే పిల్లలు కూడా పుట్టొచ్చు.

ఆడకుక్క సంగతి వేరు. గొడవలున్నా లేకపోయినా చేయించడమే మేలు. గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదికి రావడం తప్పుతుంది, మొదటి రెండు ఎదల లోపు చేయిస్తే రొమ్ము గడ్డల భయం బాగా తగ్గుతుంది.

వీధి కుక్కల గురించి ఇక్కడే ఒక మాట. మీ వీధి కుక్కల్లో ఒక చెవి కొస కత్తిరించి ఉన్నవి కనిపిస్తే వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్, రేబిస్ టీకా చేసి మామూలుగా ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. అంటే మీరు ఎన్ని అర్జీలు పెట్టినా ఆ నాలుగు కుక్కలూ మీ సందు మొదట్లోంచి మాయం కావు. అర్జీ పెడితే ఆపరేషన్ల కోసం పెట్టండి. చెవి కొస కత్తిరించిన కుక్కలున్న వీధిలో చిత్త కార్తె గోల తక్కువ, మీకు కలిసొచ్చేది అదీ.

వీధిలో: దూరం, వేళ, చేతిలో ఏం ఉండాలి

నాకు బాగా అచ్చొచ్చింది ఇదే, పైగా దీనికి ఖర్చు తక్కువ. నల్లోడు నలభై అడుగుల దూరంలో కుక్క ఉంటే చూసి ఊరుకుంటాడు. ఇరవై అడుగులకి గుర్రుమంటాడు. పదికి వస్తే నేను ఉన్నానన్న సంగతే మర్చిపోతాడు. ఈ కొలతలు మీ కుక్కకి వేరే ఉంటాయి, వారం రోజులు గమనిస్తే తెలిసిపోతాయి. ఆ మొదటి కొలత లోపలికి ఏ కుక్కనీ రానివ్వకుండా నడవడమే వాకింగు. సందు మలుపులు, చికెన్ కొట్ల ముందు భాగం (ఆదివారం మరీనూ), పెళ్లి మండపాల వెనక విస్తరాకుల కుప్పలు, ఈ మూడూ తప్పిస్తే సగం గొడవలు ఉండవు. ఏటి గట్టు మీద రెండు వైపులా దూరం నుంచి కనిపిస్తుంది, నాకు ఇష్టమైన దారి అదే. వెనక్కి తిరగడం పరువు తక్కువ అనుకోకండి. గొలుసు బిగించి లాగకండి, మెడ బిగుసుకుంటే కుక్కకి అందే కబురు "ప్రమాదం" అనే.

ఇక చేతిలో ఏం పట్టుకోవాలి. మన దగ్గర ఎక్కువగా అమ్మేది ఇనప గొలుసు. చేతులు కోసుకుపోతాయి, ఆ చప్పుడుకే వీధి కుక్కలు లేస్తాయి. లాగితే గొంతు బిగిసే గొలుసు, ముళ్ల పట్టీ, కరెంటు పట్టీ, ఈ మూడింటికీ ఒకటే లెక్క: ఎదుట కుక్క కనిపించినప్పుడల్లా మెడ నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి కారణం ఎదుటి కుక్కే అని మీ కుక్క తేల్చుకుంటుంది. పగ ఇంకో మెట్టు ఎక్కుతుంది. నేను వాడేది ఛాతీ ముందు కొక్కెం ఉండే హార్నెస్, అంటే మెడకి కాక ఛాతీ చుట్టూ కట్టే పట్టీ. లాగితే ముందుకి పోకుండా పక్కకి తిరుగుతాడు. దానికి ఆరడుగుల నైలాన్ పట్టీ. బటన్ నొక్కితే సాగుతూ పోయే పట్టీలు కొనకండి, అక్కర పడిన క్షణంలో మీ కుక్క ఇరవై అడుగుల అవతల ఉంటుంది. ఖాళీ మైదానంలో వదిలి ఆడించాలనుకుంటే ఎద్దులకి కట్టే పలుపులాంటి పొడవు తాడు హార్నెస్ వెనక కొక్కేనికి కట్టి నేల మీద ఈడ్చనివ్వండి. మెడపట్టీకి మాత్రం కట్టొద్దు.

మూతికి చిక్కం. ఎడ్లకి కట్టినట్టే కుక్కకీ కట్టేది, అందులో రెండు రకాలు. గుడ్డది మూతిని మూసేస్తుంది, కుక్క నాలుక బయటపెట్టి వగర్చలేదు. చెమట పెద్దగా పట్టని జంతువుకి వేడి పోయే ముఖ్యమైన దారి అదే. మే నెలలో గుడ్డ చిక్కం కట్టి నడిపిస్తే వడదెబ్బ తగులుతుంది. డాక్టరు సూది వేసే రెండు నిమిషాలకి తప్ప దాన్ని వాడకండి. బుట్టలా ఉండేది మంచిది, అందులో నోరు తెరవొచ్చు, నీళ్లు తాగొచ్చు, సందుల్లోంచి తాయిలం అందించొచ్చు. నేను 600 పెట్టి కొన్నాను. మొదటి రోజే కట్టేయకూడదు. బుట్ట అడుగున పెరుగన్నం రాసి రెండు వారాలు ఆశ చూపించాక మూతి వాడే దూర్చాడు.

కానీ చిక్కం విషయంలో పడమటి దేశాల వాళ్లు చెప్పే సలహా మన వీధులకి పూర్తిగా సరిపోదు. వాళ్లకి వీధిలో యజమాని లేని కుక్కలు దాదాపు ఉండవు. ఇక్కడ నాలుగు కుక్కలు మీ మీదికొస్తే చిక్కం కట్టిన కుక్క తనని తాను కాపాడుకోలేదు. అందుకని పశువుల ఆసుపత్రి వరండాలో, ఆటోలో, చుట్టాల ఇంట్లో చిక్కం కడతాను. వీధి నడకలో కట్టను, దానికి బదులు దూరం పాటిస్తాను. వీధి కుక్కలు ఎగబడితే నా దగ్గర మూడు ఉపాయాలు: రాయి తీస్తున్నట్టు వంగడం (తీయక్కర్లేదు, వంగితే చాలు), బటన్ గొడుగు వాటి ముందు టప్పున తెరవడం, గుప్పెడు బిస్కట్లు వాటి వెనక్కి పడేలా విసిరి అవి ఏరుకునేలోపు జారుకోవడం. మూడోది బాగా పనిచేస్తుంది. రోజూ ఒకే చోట చేస్తే మాత్రం అక్కడే కాపు కాస్తాయి.

తిండితో అలవాటు చేయడం, ట్రైనరుకి అప్పగించడం

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సినవి, ఎందుకంటే రెండింటినీ "ట్రైనింగు" అనే అంటారు.

మొదట నేను రెండోది చేశాను. పెద్ద ఊళ్లో ఒకతను ఇరవై ఒక్క రోజులు తన దగ్గర ఉంచుకుని మార్చేస్తానన్నాడు. పదిహేను వేలు. తిరిగొచ్చాక నల్లోడు "సిట్" అంటే కూర్చున్నాడు, కుక్కల పక్కన నడిచాడు, నాకు ఆనందం. పది రోజులు. పదకొండో రోజు ఏ గుర్రూ లేకుండా నేరుగా వెళ్లి కరిచాడు. గుర్రుమన్నప్పుడల్లా కొట్టి ఆ గుర్రుని మానిపించారని తర్వాత అర్థమైంది. గుర్రు అంటే హెచ్చరిక. హెచ్చరిక మాన్పించిన కుక్క ఎక్కువ ప్రమాదం. ఎవరికైనా అప్పగించే ముందు ఒక్కటే అడగండి: "మీరు నేర్పేటప్పుడు నేను పక్కన కూర్చోవచ్చా?" కుదరదంటే దండం పెట్టి వచ్చేయండి. ఇంటికి వచ్చి మీకు నేర్పేవాడు, కుక్కని తీసుకెళ్లి నేర్పేవాడికన్నా వంద రెట్లు నయం. నేర్చుకోవాల్సింది సగం మనమే.

తిండి పద్ధతి ఇలా ఉంటుంది. కుక్క కనిపించినా రెచ్చిపోని దూరంలో నిలబడతాం, నల్లోడికి నలభై అడుగులు. అవతలి కుక్క కంట పడగానే ఉడికించిన కోడి ముక్క. అది కనిపిస్తున్నంతసేపూ ముక్కలు. అది మలుపు తిరగ్గానే ముక్కలు బంద్. అంతే, ఇందులో కూర్చో, లే, నిలబడు ఏమీ లేవు. కొన్నాళ్లకి కుక్క కనిపించగానే వాడు దానికేసి కాక నా చొక్కా జేబుకేసి చూడటం మొదలెట్టాడు. అప్పుడు రెండడుగులు దగ్గరికి జరుగుతాం. రోజూ పది నిమిషాలు, అంతకు మించి వద్దు. నలభై అడుగులు పదిహేనుకి రావడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది, దీపావళి టపాకాయల వారంలో మళ్లీ ముప్పైకి పోయింది. తినకుండా బిగుసుకుపోయాడంటే బాగా దగ్గరికి వెళ్లారని అర్థం, వెనక్కి రండి.

మన సరిహద్దు ఊళ్లలో దీనికో అడ్డంకి ఉంది, ఒకే భాష మాట్లాడే ఊళ్లవాళ్లకి తట్టదు. మా ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఒడియా, పనమ్మాయి రెండూ కలిపి. నేను "రా" అంటే రావాలి, పక్కింటి పిల్లాడు "ఆ, ఆ" అంటే రావాలి, వాళ్ల తాతగారు "జా, జా" అంటే పోవాలి. ఒక పనికి ఒకే మాట అని గోడ మీద కాగితం అంటించి, ఒడియా వాళ్లకి తెలుగు మాటలు నాలుగు నేర్పాను. కుక్క కన్నా తాతగారే ముందు నేర్చుకున్నారు.

పోలిక ఒక్క ముక్కలో చెప్పాలంటే, డబ్బుండి తీరిక లేనివాళ్లు అప్పగించే పద్ధతికి పోతారు, నష్టపోయేదీ వాళ్లే. రోజుకి పది నిమిషాలు లేకపోతే ఏ ట్రైనింగూ వద్దు, వేళ మార్చి, దారి మార్చి బతకండి. అందులో తప్పేమీ లేదు.

మందుల మాట కూడా వస్తుంది. భయం మరీ ఎక్కువగా ఉండి ముక్క కూడా తినలేని స్థితిలో ఉన్న కుక్కకి పశువైద్యుడు రోజూ వేసే మాత్రలు రాయవచ్చు. అవి పనిచేయడానికి నెల, నెలన్నర పడుతుంది, వాటితోపాటు అలవాటు చేయడం కూడా సాగాలి. దీపావళికి ఇచ్చే మత్తు మాత్ర అది కాదు. మత్తు మాత్రల్లో కొన్ని ఒంటిని పడుకోబెడతాయి, లోపలి భయం అలాగే ఉంటుంది.

అక్క ఇంటి కథ: ఒకే కప్పు కింద రెండు

అక్క దగ్గర పెద్దది ఆరేళ్ల లక్ష్మి, చిన్నది వంశధార వరదల్లో దొరికిన పిల్ల, దానికి పేరు గౌరి. రెండేళ్లు కలిసి ఒకే గోనెపట్టా మీద పడుకున్నాయి. గౌరికి రెండేళ్లు నిండుతుండగా మొదలైంది. ఇది వింత కాదు, కుక్కలు ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య మనసు ముదిరి పెద్దరికానికి వస్తాయి, ఇళ్లలో కొట్లాటలు ఎక్కువగా అప్పుడే పుడతాయి. అందులోనూ ఇద్దరు ఆడవాళ్ల మధ్య పుడితే చల్లారడం కష్టం. (కుక్కల గురించే చెప్తున్నాను.)

"ఎవరు పెద్దో వాటినే తేల్చుకోనీ" అని బావగారు ఒక పూట వదిలేశారు. లక్ష్మి చెవి సగం చీలింది. తేలింది ఏమీ లేదు, ఎందుకంటే ఇద్దరు ఆడకుక్కలకి ఓడిపోయానని ఒప్పుకునే అలవాటు తక్కువ, ప్రతి కొట్లాటా తర్వాతిదానికి బాకీ.

వాళ్ల ఇంట్లో పనిచేసినవి: తిండి వేరే వేరే గదుల్లో, తలుపు వేసి. బొమికలు పూర్తిగా బంద్. అక్క బజారు నుంచి రాగానే రెండూ ఒకేసారి గుమ్మం మీదికి ఉరికేవి, సగం కొట్లాటలు అక్కడే. ఇప్పుడు బావగారు ముందు ఒకదాన్ని పెరట్లోకి పంపాకే అక్క లోపలికి వస్తుంది. వంటింటి గుమ్మానికి సగం తలుపు. రెండింటికీ ఆపరేషన్ చేయించారు, ఎద రోజుల్లో పెరిగే గొడవ పోయింది, మిగతాది ఉంది. చివరికి వంతులు పెట్టారు: పొద్దున్న గౌరి లోపల, లక్ష్మి పెరట్లో, మధ్యాహ్నం నుంచి తారుమారు. ఏడాది అలా లాగారు. వంతుల పద్ధతి పనిచేస్తుంది, కానీ మనుషులని నమిలేస్తుంది. పెద్ద ఇల్లు, రెండు గుమ్మాలు, మతిమరుపు లేని మనుషులు ఉండాలి. ఒక్కరు ఒక్కసారి తలుపు వేయడం మర్చిపోతే చాలు.

ఆఖరికి గౌరిని టెక్కలిలో బావగారి చెల్లెలికి ఇచ్చారు. అక్కడ వేరే కుక్క లేదు. గౌరికి లక్ష్మితో తప్ప లోకంలో ఎవరితోనూ పేచీ లేదు కాబట్టి అది హాయిగా ఉంది. ఇచ్చేయడం అనే దారి నల్లోడికి పనికిరాదు. పల్లెలో తోటకి ఇచ్చేయమని నాకూ చెప్పారు. తోటంటే కంచె లేని చోటు, చుట్టూ నాలుగు తోటల కుక్కలు. మూడు రోజుల్లో చంపడమో, చావడమో, లేదా జీవితాంతం చెట్టుకి గొలుసు. ఒక ఇంట్లో ఒక కుక్కతో మాత్రమే పడనిదాన్ని ఇవ్వొచ్చు, అన్ని కుక్కలతో పడనిదాన్ని ఇచ్చేది ఎవరికి? ఇచ్చినా కరిచిన సంగతి దాచకుండా చెప్పి ఇవ్వాలి.

ఏరు దాటించి వదిలేయడం గురించి: అది ఎంపిక కాదు, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. గొలుసుతో రోజంతా కట్టేయడం కూడా మందు కాదు, ఎదుట తిరిగే కుక్కల్ని అందుకోలేక అది ఇంకా మండిపడుతుంది. తోడుకి రెండో కుక్కని తేవడం మాత్రం అన్నిటికన్నా దండగ సలహా. ఇవాళ వీధిలో ఉన్న యుద్ధాన్ని వంటింట్లోకి పిలుచుకోవడం.

పట్టుకున్నాక విడదీయడం

ఏది ఎంచుకున్నా ఏదో ఒక రోజు జాగ్రత్త తప్పుతుంది. నాకు ఒక ఆదివారం చికెన్ కొట్టు దగ్గర తప్పింది. గబుక్కున నల్లోడి మెడపట్టీ పట్టుకుని లాగాను. వాడు తల తిప్పి నా ఎడమ మణికట్టు కరిచాడు. నన్నని తెలిసి కాదు, ఆ క్షణంలో వాడికి తగిలిందల్లా శత్రువే. చేతులు మెడ దగ్గరికి పోకూడదని అప్పుడు తెలిసింది. కొట్టు ఆయన బకెట్ నీళ్లు రెండింటి మూతుల మీద కుమ్మరిస్తే విడిపోయాయి. నీళ్లు, తల మీద గోనెసంచి లేదా దుప్పటి, మధ్యలో అట్టపెట్టె లేదా కుర్చీ, పెద్ద చప్పుడు, ఈ క్రమంలో ప్రయత్నించండి. ఇద్దరు మనుషులుంటే చెరొక కుక్కని వెనక కాళ్ల పై భాగం పట్టి ఎత్తి, తోపుడుబండిలా వెనక్కి లాగుతూ పక్కకి తిప్పొచ్చు. కర్రతో కొడితే పట్టు ఇంకా బిగుస్తుంది.

విడిపోయాక పైకి రెండు చిన్న బెజ్జాలే కనిపిస్తాయి. కోర పన్ను లోపల చర్మాన్ని కండ నుంచి ఊడదీసి ఉంటుంది, అందులో చీము పడుతుంది, వానాకాలమైతే రెండు మూడు రోజుల్లో పురుగులు. పసుపు కూరడం, కిరోసిన్ పోయడం, బండి ఇంజినాయిల్ రాయడం, మన వైపు ఈ మూడూ చూశాను. మూడూ వద్దు. మామూలు నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర విరిచి వేయకండి, మనం వేసుకునే ఐబుప్రోఫెన్ కుక్క కడుపునీ మూత్రపిండాలనీ పాడుచేస్తుంది, పారాసెటమాల్ కూడా లెక్క తప్పితే విషమే. టీకాలు సక్రమంగా ఉన్నా కరిచింది వీధి కుక్క అయితే మళ్లీ రేబిస్ టీకా వేయించమంటారు, వేయించండి.

మీకు పళ్లు దిగితే, సొంత కుక్కే కదా అనకండి. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసుకుని కడగాలి, ఆ తర్వాత ఆసుపత్రి. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆపైన 3, 7, 28 రోజులకి సూదులు, రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ వేరే మందు కూడా. సర్కారు ఆసుపత్రిలో నాకు పైసా ఖర్చు కాలేదు.

మీ కుక్క వేరేవాళ్లని కరిస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఉంది: జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మా వీధిలో అంతదాకా రాలేదు. నల్లోడు పక్కింటి వాళ్ల పెంపుడు కుక్కని ఒకసారి కరిచినప్పుడు ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టి, వారం రోజులు వాళ్ల కుక్క కట్టు మార్పించడానికి నేనే స్కూటరు మీద తీసుకెళ్లాను. సెక్షన్ల కన్నా అది చవక.

నన్నడిగితే

ఇంట్లో పెద్దవాళ్లు కుక్కని నడిపిస్తున్నట్టయితే వెంటనే ఆపించండి. ఇరవై నాలుగు కిలోలు ఒక్కసారి ఉరికితే తుంటి ఎముక విరుగుతుంది. అలాంటి ఇంట్లో వాకింగే మానేసి మేడ మీద బంతి, గోనెసంచి మడతల్లో దాచిన తిండి వెతుక్కునే ఆట చాలు. నడవని కుక్క చెడిపోతుందని భయపడకండి, రోజూ యుద్ధం చేసి ఇంటికొచ్చే కుక్క కన్నా మేడ మీద ముక్కుతో అరగంట పనిచేసిన కుక్క బాగా నిద్రపోతుంది. కొత్తగా పిల్లని తెచ్చుకునేవాళ్లు ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచమనండి, అమ్మేవాడు తొందరపెడితే వేరే చోట చూసుకోండి. నెలకి రెండు వేలు పెట్టగలిగి, తీరిక ఉండి, భయం రకం కుక్క ఉన్నవాళ్లు తిండి పద్ధతి మొదలెట్టండి. తీరిక లేకపోతే వేళ, దారి. చిత్త కార్తె రకమైతే వచ్చే కార్తె రాకముందే ఆపరేషన్.

వీటన్నిటికన్నా ముందు చేయించాల్సింది ఇంకొకటుంది, దాన్ని ఎవరూ చెప్పరు. వీధి గేటుకి నాలుగడుగుల లోపల రెండో గేటు. ఒకటి మూశాకే ఇంకొకటి తీయాలి. గ్యాసు బండ ఇచ్చేవాడు, చందాల కుర్రాళ్లు, గొళ్లెం వేయడం మర్చిపోయే చుట్టాలు, వీళ్ల వల్ల జరిగిన కొట్లాటలే నా లెక్కలో ఎక్కువ. వెల్డింగు షాపులో పాత ఇనుముతో చేయించాను, రంగుతో కలిపి 3,200. నల్లోడి మీద ఇన్నేళ్లలో పెట్టిన ఖర్చుల్లో మా ఆవిడ ఇంతవరకూ ఎత్తిపొడవనిది అదొక్కటే.